ప్రజాభద్రత ప్రచారంలో బొమ్మలు, వేషాలు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం

ప్రమాదాల నుంచి, రోగాల నుంచి జనాన్ని కాపాడడానికి బొమ్మలనూ వేషాలనూ కార్టూన్ పాత్రలనూ వాడిన తీరు ఈ వ్యాస విషయం. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. 2011 జనాభా లెక్కల్లో ఆ జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. అంటే అప్పటికి ఏడేళ్లు నిండినవాళ్లలో పదిమందికి నలుగురు చదవలేరు. కరెంటు స్తంభం మీదైనా పురుగుమందు డబ్బా మీదైనా రాసి పెట్టిన హెచ్చరిక వాళ్లకు అందదు, బొమ్మ అందుతుంది. అందుకే ఇక్కడ బొమ్మను అలంకారంగా చూడడం పొరపాటు. ఈ చరిత్రలో రెండు రకాల బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి భయపెట్టేది, రెండోది పక్కన నిలబడి ఏం చేయాలో చెప్పేది. మొదటిదే ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

తోలుబొమ్మల హాస్యగాళ్లు

ప్రచారానికి ఒక పాత్రను పుట్టించి జనానికి చేరువ చేయడం పడమటి దేశాల నుంచి వచ్చిన పద్ధతి అనుకుంటారు. అమెరికాలో కార్చిచ్చుల మీద హెచ్చరించే స్మోకీ ఎలుగుబంటి 1944లో పుట్టింది. బ్రిటన్‌లో పిల్లలకు రోడ్డు దాటడం నేర్పిన టఫ్టీ ఉడుత 1953 నాటిది. టోక్యో పోలీసులు పీపో అనే బొమ్మను 1987లో తెచ్చారు. అయితే రాయలసీమ పల్లెల్లో ఆ పని చేయగల పాత్రలు వీటన్నిటికంటే ముందే ఉన్నాయి. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుస్తుండగానే మధ్యలో జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెర మీదికి వస్తారు. రాముడూ రావణుడూ పద్యాలు పాడితే వీళ్లు ఊరి మాట మాట్లాడతారు, ఊరి సంగతులే ఎత్తుతారు. కథ తెలిసినవాళ్లు కూడా వీళ్లకోసం మేలుకొని ఉండేవాళ్లు.

ప్రభుత్వం ఈ బలాన్ని గుర్తించింది. సమాచార, ప్రసార శాఖ కింద 1954లో ఏర్పడిన పాటలు, నాటకాల విభాగం బుర్రకథనూ బొమ్మలాటనూ నాటకాన్నీ కుటుంబ నియంత్రణ, ఆరోగ్య ప్రచారాలకు వాడింది. 2017 చివర్లో ఆ విభాగాన్ని మరో రెండు ప్రచార విభాగాలతో కలిపేశారు. తోలుబొమ్మలకు పేరుమోసిన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో కళ ఇంకా బతికే ఉంది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. కానీ ఆ ఊళ్లో ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి దీపాల గుమ్మటాలు, గోడకు తగిలించే బొమ్మలు. ఆట తగ్గడంతో జనంతో నేరుగా మాట్లాడే పోలిగాడి గొంతు కూడా తగ్గింది. ఈ రంగంలో సీమకు జరిగిన పెద్ద నష్టం ఇదే.

పుర్రె గుర్తు, రంగుల గళ్లు

ఈ ప్రాంతంలో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా గుర్తుపట్టే హెచ్చరిక బొమ్మ ఒక్కటే: ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర కనిపించే పుర్రె, రెండు ఎముకలు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఈ బొమ్మతో, స్థానిక భాషలో కూడా రాసిన ప్రమాద సూచిక పెట్టాలన్నాయి. బోరు మోటార్ల ఫ్యూజు తామే వేసుకునే రైతులున్న పల్లెల్లో దీని అవసరం చెప్పనక్కర్లేదు. అయితే ఆ పుర్రె ‘దగ్గరికి రావద్దు’ అని మాత్రమే అంటుంది. దగ్గరికి వెళ్లక తప్పనివాడికి, లైను ఆపించి వెళ్లమని చెప్పదు.

పురుగుమందుల గుర్తు ఇంకొంచెం వివరంగా మాట్లాడుతుంది. 1971 కీటకనాశినుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా మూల మీద నిలబెట్టిన చదరం ఉండాలి. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే మధ్యస్థం, పచ్చనైతే స్వల్పం. ఎరుపు డబ్బా మీద పుర్రె కూడా ఉంటుంది. 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న నంద్యాల పత్తికి పెట్టింది పేరు. పత్తి అంటే మందు కొట్టడం. పచ్చ రంగును ప్రమాదం లేదన్న అర్థంలో తీసుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, రంగుల అర్థాన్ని ఎవరో ఒకరు నోటితో చెప్పాల్సిందే.

బొమ్మ అర్థం కాకపోతే ఏమవుతుందో పొగాకు పొట్లాలు చూపించాయి. 2009 మే 31 నుంచి బొమ్మల హెచ్చరికలు తప్పనిసరి అయినప్పుడు నమిలే పొగాకు మీద తేలు బొమ్మ వేశారు. తేలుకూ నోటి క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటో పొట్లం చెప్పలేదు. 2011లో దాని స్థానంలో క్యాన్సర్ సోకిన నోటి ఫొటోలు వచ్చాయి.

ఎర్ర త్రికోణం, మీనా, భోలు

దేశమంతటికీ ఒకే గుర్తు అన్న ఆలోచన 1960లలో కుటుంబ నియంత్రణతో బలపడింది. కుటుంబ నియంత్రణ శాఖలో ప్రచార బాధ్యత చూసిన డి.కె. త్యాగి రూపొందించిన ఎర్ర త్రికోణాన్ని బడి గోడల మీదా ఆస్పత్రుల మీదా వేశారు. ఇద్దరో ముగ్గురో పిల్లలు చాలన్న సందేశాన్ని మోస్తూ ‘లాల్ తికోన్’ అనే ఏనుగు ఊరూరా తిరిగింది. 1990ల తొలినాళ్లలో యునిసెఫ్ దక్షిణాసియా కోసం మీనా అనే పల్లెటూరి అమ్మాయిని, ఆమె చిలుక మిట్టూను సృష్టించింది. భారతీయ యానిమేటర్ రామ్ మోహన్ ఆ పనిలో ముఖ్యుడు. మీనా చేతులు కడుక్కోవడం గురించి, ఆడపిల్ల చదువు గురించి మాట్లాడుతుంది, ఎవరినీ భయపెట్టదు. రైల్వేలు 150 ఏళ్ల పండుగ సందర్భంగా 2002 ఏప్రిల్ 16న బెంగళూరులో భోలు అనే గార్డు ఏనుగును ప్రవేశపెట్టి, మరుసటి ఏడాది శాశ్వత చిహ్నంగా నిలుపుకున్నాయి. చేతిలో పచ్చ లాంతరు ఉన్న భోలు రైలు వెళ్లే ఊళ్లకు చేరింది.

గుర్రమెక్కిన కరోనా

2020 మార్చి చివర్లో ప్యాపిలి వీధుల్లో ఒక తెల్లగుర్రం నడిచింది. దాని ఒంటి నిండా ఎర్రరంగుతో కరోనా వైరస్ బొమ్మలు వేసి, ఎస్సై మారుతీ శంకర్ దానిమీద ఎక్కి లాక్‌డౌన్ గురించి జనానికి చెప్పారు. ఆ ఫొటోలను అంతర్జాతీయ వార్తాసంస్థలు పంచాయి. అప్పటి కర్నూలు జిల్లాలోని ప్యాపిలి ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. చెన్నైలో ఒక చిత్రకారుడు చేసిన ముళ్ల హెల్మెట్‌ను పోలీసులు పెట్టుకున్నదీ ఆ రోజుల్లోనే. తెలుగు ఊళ్లలో యముడు, చిత్రగుప్తుడి వేషాలూ కట్టారు. ‘యమగోల’ (1977), ‘యమలీల’ (1994) సినిమాలు చూసిన ప్రేక్షకులకు యముడంటే భయంతో పాటు నవ్వు కూడా. అందుకే ఆ వేషం చుట్టూ జనం మూగేవారు. దూరంగా ఉండండని చెప్పడానికి వచ్చిన వేషమే గుంపును చేర్చడం ఈ పద్ధతిలోని అసలు చిక్కు. గుర్రం దారిన సాగిపోతుంది కాబట్టి, ఇంటి గడప దగ్గర నిలబడే చూడొచ్చు కాబట్టి, ఆ ఎంపికలో తెలివి ఉంది. అయినా ఆ ఏప్రిల్ చివరికి రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైన జిల్లా కర్నూలే.

రహదారి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడపకు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి వెన్నెముక. అహోబిలం యాత్రికులూ సరుకు లారీలూ ట్రాక్టర్లూ ఈ రోడ్డు మీదే నడుస్తాయి. కల్లాలు చాలని రైతులు వరి, జొన్న, మొక్కజొన్న తారురోడ్డు అంచున ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రివేళ ఆ కుప్పా కనిపించదు, రాళ్లూ కనిపించవు. 2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ఎన్నికల సభ ముగించుకొని వస్తున్న ఆళ్లగడ్డ ఎమ్మెల్యే భూమా శోభా నాగిరెడ్డి కారు, ధాన్యం కుప్పను తప్పించబోయి బోల్తాపడింది. ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. మరునాడు హైదరాబాద్ ఆస్పత్రిలో కన్నుమూశారు.

మన రోడ్డు భద్రతా వారోత్సవాలు 1989 నుంచీ జరుగుతున్నాయి, 2021లో మాసోత్సవమయ్యాయి. బడి పిల్లలతో పోస్టర్లు గీయించడం, కూడళ్లలో హెల్మెట్ బొమ్మలు పెట్టడం, యముడి వేషంతో బండ్లు ఆపడం వీటిలో మామూలు. అవన్నీ బండి నడిపేవాడి తల, వేగం, తాగుడు గురించి. ధాన్యం కుప్ప చుట్టూ రాత్రి మెరిసే పట్టీ కట్టమనే బొమ్మ ఈ రోడ్డుకే కావాలి, ఎందుకంటే ఇక్కడి ప్రమాదం ఇక్కడి పంటతో ముడిపడింది. మాసోత్సవం వచ్చే జనవరిలో కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింది ఖరీఫ్ వరి రోడ్డెక్కి ఉంటుంది. రబీ ధాన్యం రోడ్డెక్కే ఏప్రిల్ నాటికి ఆ ప్రచారం ముగిసి నెలలు గడిచి ఉంటాయి.