పినాంగ్ అన్నదమ్ముల పాట: ఆలీక్యాట్స్

1960ల చివర పినాంగ్‌లో, తమిళ మూలాలున్న అన్నదమ్ములు డేవిడ్ ఆరుముగం, లోగనాథన్ ఆరుముగం ఒక సంగీత బృందం కట్టారు. పేరు ఆలీక్యాట్స్, అంటే వీధి పిల్లులు. తల చుట్టూ గుండ్రంగా పెరిగిన ఉంగరాల జుట్టు వారి గుర్తు. అమెరికా నల్లజాతి సోల్ గాయకుల మీద మోజు ఆ జుట్టులోనే కనిపించేది.

ఆ మోజు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1961లో బ్రిటిష్ బృందం షాడోస్ సింగపూర్‌లో వాయించి వెళ్ళాక మలయా అంతటా గిటార్ బృందాలు పుట్టుకొచ్చాయి. మలయ్ భాషలో ఆ గాలికి ‘పాప్ యే యే’ అని పేరు. పినాంగ్ సంగతి మరికాస్త ప్రత్యేకం. అది పాత రేవు పట్నం. జలసంధికి ఆవల బటర్‌వర్త్‌లో ఆస్ట్రేలియా వైమానికులుండేవారు. వియత్నాం యుద్ధం నుంచి అమెరికన్ సైనికులు సెలవు గడపడానికి ఆ ద్వీపానికి వచ్చేవారు. వాళ్ళకు కావలసింది రికార్డులో విన్న పాట, విన్నట్టుగానే. ఆ కాలపు హోటల్ బృందాల నేర్పంతా అనుకరణలోనే ఉండేది. ఆలీక్యాట్స్ కూడా ఆ బడిలో చదివినవారే. 1970లలో హాంకాంగ్ క్లబ్బుల దాకా వెళ్ళి వాయించారు. చేయి తిరిగింది గాని పాట ఇంకా పరాయిదే.

ఈలోగా దేశం మారింది. 1969 మే 13న కౌలాలంపూర్‌లో జాతుల మధ్య చెలరేగిన అల్లర్ల తరువాత, 1971లో రూపొందిన జాతీయ సంస్కృతి విధానం మలయ్ సంస్కృతిని పునాదిగా నిలిపింది. ఇంగ్లీషులో పాడే తమిళ యువకులకు ఆ ఇంట చోటెక్కడన్న ప్రశ్న అక్కడే పుట్టింది. 1970ల చివర వెలువడిన మలయ్ ఆల్బమ్ ‘తెరిమా కసిహ్’ (కృతజ్ఞతలు) దానికి జవాబైంది.

జవాబు భాషలో మాత్రమే లేదు. సింగపూర్‌లో పుట్టిన స్వరకర్త ఎం. నసీర్ వంటివారు అందించిన వరసల్లో కింద సోల్ లయ అలాగే నడుస్తుంటుంది. పైన మలయ్ కవిత్వపు నెమ్మది పరుచుకుంటుంది. నాట్యానికి పుట్టిన లయ మీద విరహం కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఇంగ్లండులో పంక్ అనంతర బృందాలు మాధుర్యాన్ని వదిలించుకునే పనిలో ఉన్నాయి. జాయ్ డివిజన్ తొలి ఆల్బమ్ వచ్చింది 1979లో. ఆ కొలబద్దతో చూసేవారికి ఆలీక్యాట్స్ మెత్తబడినట్టే తోస్తుంది. అది అన్యాయం. అక్కడి కుర్రవాళ్ళు తమ భాషను విరగ్గొట్టవచ్చు, ఎందుకంటే అది వాళ్ళదేనని ఎవరూ శంకించలేదు. వీళ్ళకు ముందు ఆ భాషలో నిలబడటమే సాహసం.

తెలుగువారికి ఇది కొంత తెలిసిన కథే. 1981లో ‘ఏక్ దూజే కే లియే’కు బాలసుబ్రహ్మణ్యం హిందీలో పాడినప్పుడు ఉచ్చారణ మీద సందేహాలు లేవకపోలేదు; ఆ పాటలకే జాతీయ పురస్కారం వచ్చింది. అయితే ఆయనకు తిరిగి రావడానికి తెలుగు పాట ఉంది. ఆరుముగం సోదరులకు మలయ్ పాటే బతుకైంది. బాగన్ దతో తోటల్లో తమ బడులు ఒక్కొక్కటే మూతపడగా చూసిన మలేసియా తెలుగు కుటుంబాలకు ఈ బేరంలోని లాభనష్టాలు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఇక్కడ లాభమూ చిన్నది కాదు. రాజధానిని చిరునవ్వు నవ్వమనే ‘సెన్యుంలా కౌలాలంపూర్’ను ఆ దేశానికి వినిపించింది ఈ పినాంగ్ తమిళుల బృందమే.

తరువాతి దశాబ్దాల్లో ధ్వని పెద్దగా మారలేదు. శ్రోతలు మారనివ్వలేదనడమే సబబు. ప్రేమపాటకు దొరికిన ఆదరణ వారికి ఆసరా అయింది, కొంతవరకు బంధనమూ అయింది.

2007 జూన్‌లో లోగనాథన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించాడు. ‘అందైన్యా అకు పెర్గి దులు’ ఆ బృందం పాత పాటల్లో ఒకటి. నేనే ముందు వెళ్ళిపోతే అని ఆ పేరుకు అర్థం. డేవిడ్ బృందాన్ని ఆపలేదు. రెండు గొంతుల కోసం కట్టిన వరసలను వెంటేసుకుని, తమ్ముడు లేని వేదిక మీదికి మళ్ళీ వెళ్ళాడు.