రంగం వలస – కుటుంబ పునఃకలయిక: 1941 ఇండో-బర్మా ఒప్పందపు అర్హతా నిబంధనలు

ఉత్తర కోస్తా పల్లెల్లో 'రంగం' అంటే రంగూన్. కాలక్రమంలో బర్మా అంతటికీ అదే పేరైంది. గజపతినగరం తాలూకాతో కూడిన నాటి విశాఖపట్టణం జిల్లా నుండి, పొరుగున ఉన్న గంజాం నుండి వేలాదిమంది పురుషులు ఓడలెక్కి రంగూన్ రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలికి చేరారు. భార్యాపిల్లలు సాధారణంగా ఊళ్లోనే ఉండేవారు. రెండు మూడేళ్లకొకసారి ఇంటికి రావడం, కొన్ని నెలలుండి మళ్లీ వెళ్లడం ఆనవాయితీ. సముద్రానికి ఇరువైపులా చీలిన ఆ కుటుంబాన్ని నిలిపింది ఈ రాకపోకలే.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి వేరుపడటంతో ఈ ప్రయాణం విదేశీ ప్రయాణమైంది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలపై మొదలైన రంగూన్ అల్లర్లు, 1938 నాటి అల్లర్లు వలస నియంత్రణ కోరికను బలపరిచాయి. జేమ్స్ బాక్స్‌టర్ విచారణ నివేదిక ఆధారంగా 1941 జూలైలో ఇండో-బర్మా వలస ఒప్పందం ప్రకటితమైంది.

ఒప్పందం బర్మాలోనే పుట్టి పెరిగిన భారతీయులకు స్థిరనివాసపు హక్కునిచ్చింది. ఇతరులలో 1932 జూలై 15 – 1941 జూలై 15 మధ్య మొత్తం ఏడేళ్లు అక్కడ నివసించినట్లు రుజువు చేసుకున్నవారికి ప్రత్యేక హోదా కల్పించింది. అయితే ఆపైన ఏకధాటిగా ఏడాదికి మించి బర్మాకు దూరంగా ఉంటే ఆ హోదా పోతుంది. కాగితంపై ఇది రక్షణ నిబంధనే. రంగం కూలీ విషయంలో మాత్రం అది తిరగబడింది. తొమ్మిదేళ్లలో ఇంటివద్ద గడిపిన ప్రతి నెలా అతని అర్హతలోంచి తరుగుతుంది. భార్య జబ్బుపడో, పొలం తగాదా తేలకో ఏడాది దాటితే ఉన్న హోదా కూడా పోతుంది. చట్టం లెక్కించినది వ్యక్తి నివాసాన్ని. కుటుంబ బాధ్యత అందులో గైర్హాజరుగానే నమోదవుతుంది. మరోవైపు, బర్మా స్త్రీని వివాహమాడరాదని, ఆమెతో సహజీవనం చేయరాదని కొత్త పర్మిట్లకు షరతు పెట్టే వీలును కూడా ఒప్పందం కల్పించింది. ఇక్కడి సంసారానికి వస్తే హోదాకు ముప్పు, అక్కడ సంసారం పెట్టుకుంటే పర్మిట్‌కు ముప్పు. ఒప్పందాన్ని గాంధీజీ తీవ్రంగా విమర్శించడంలో ఆశ్చర్యం లేదు.

నిబంధనలు పూర్తిగా అమలు కాకముందే యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై బాంబులు పడ్డాయి. 1942లో నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఓడలపైన, కాలినడకన కాందిశీకులుగా తరలివచ్చారు. తిరిగి వెళ్లదలచినవారికి 1947 నాటి బర్మా వలస అత్యవసర చట్టం ప్రవేశ పర్మిట్‌ను తప్పనిసరి చేసింది. నాలుగేళ్లు దాటిన ఎడబాటు యుద్ధం వల్ల వచ్చినదే అయినా, దాన్ని నిరూపించే కాగితాలు కూలీల దగ్గర ఎన్ని మిగిలి ఉంటాయి?

1951 శరణార్థుల ఒడంబడికలోనూ కుటుంబ ఐక్యతకు ప్రత్యేక అధికరణ లేదు. జెనీవా సమావేశపు తుది పత్రంలో సిఫారసుగా మాత్రమే ఉంది. భారతదేశం ఆ ఒడంబడికలో చేరలేదు కూడా.

1962లో నే విన్ అధికారం చేపట్టడం, 1964లో దుకాణాల జాతీయీకరణ, పెద్ద నోట్ల రద్దు మరో తిరుగు వలసకు దారితీశాయి. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ వలస గుర్తు. ఈసారి కూడా తేదీయే అర్హతను తేల్చింది: కేంద్ర ఉద్యోగాల వయోపరిమితి సడలింపు 1963 జూన్ 1న గాని, ఆ తరువాత గాని బర్మా నుండి వచ్చిన భారత సంతతివారికే వర్తించింది. 1942లో అడవిదారిన నడిచివచ్చి, 1947 తరువాత తిరిగి వెళ్లలేకపోయినవారు ఈ నిర్వచనంలో లేరు.