చట్టము గుర్తించిన చుట్టరికములు

ఇంటిగుట్టు వీధి కెక్కరాదనుట మనలో నెన్నాళ్ల నుండియో చెల్లుచున్న మాట. గుట్టు నిలుపుకొనుట మంచిదే. గాని ఆ గుట్టుచాటున దెబ్బలు తినుచున్న యాడుదాని మొఱ వినువా రెవ్వరు? మన శాసనములు కాలక్రమమున నీ ప్రశ్నకు నెట్లు బదులు చెప్పెనో చదువరులకు సంగ్రహముగా విన్నవింప దలచితిమి.

1860 సంవత్సరపు భారత శిక్షాస్మృతి, కొట్టినవాడు పొరుగువాడైనను భర్తయైనను, కొట్టుటను నేరముగనే యెంచెను. ఆచరణమున మాత్రము ఇంటిలోని దెబ్బ తఱచుగా లెక్కకు రాకపోయెను. 1983లో నా స్మృతియందు 498-ఏ సెక్షను చేర్పబడెను. భార్యను క్రూరముగా బాధించిన భర్తకును, అతని బంధువులకును మూడేండ్లవఱకు కారాగారశిక్షయు జరిమానాయు విధింపవచ్చునని దాని తాత్పర్యము. 2024 జూలై 1 నుండి యీ విధియే భారతీయ న్యాయసంహితలో 85వ సెక్షనుగా నిలిచియున్నది. ఇది మేలే యైనను రెండు కొఱతలు మిగిలెను. భర్తను చెఱకు బంపిన నాటిరాత్రి భార్య యెచ్చట దలదాచుకొనవలెనో యది చెప్పలేదు. మఱియు, పుట్టినింట సోదరులు బాధించు వితంతువునకు గాని, కొడుకు కొట్టు తల్లికి గాని, పెండ్లికాని కూతునకు గాని అందు చోటు లేదు.

2005లో బుట్టి, 2006 అక్టోబరు 26 నుండి యమలునకు వచ్చిన గృహహింస చట్టము ఈ కొఱతలను దీర్ప బూనెను. "ఈమె యెవరి భార్య?" యని యడుగుటకు మాఱుగా, "ఈమె యెవరితో నొకే యింట నివసించినది?" యని యది యడిగెను. రక్తసంబంధము, వివాహము, వివాహప్రాయమగు సహజీవనము, దత్తత, ఉమ్మడికుటుంబము - ఈ యైదింటిలో నేదైనను గలిగి, ఎన్నడైనను కలసి కాపురమున్న స్త్రీకి రక్షణ గలదు. ఇల్లు తన పేర లేకున్నను అందు నివసించు హక్కును గలదు.

అటుపిమ్మట న్యాయస్థానములు ఈ మాటల హద్దులను నిర్ణయింప వలసివచ్చెను. అత్తగారి సొంతయింట కోడలికి నివాసపు హక్కు లేదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2020లో దానే యా తీర్పును ద్రోసిపుచ్చెను. చట్టమునందలి "వయోజనుడగు పురుషుడు" అను మాటలను 2016లో గొట్టివేసెను. నాటినుండి కోడలు బాధించినను తల్లి మొఱపెట్టుకొనవచ్చును. పురుషుడు వివాహితుడని యెఱిగియే యతనితో గాపురమున్న స్త్రీకి మాత్రము ఈ చట్టము వర్తింపదని 2013లో జెప్పి, అట్టివారి కష్టమును పార్లమెంటు ఆలోచింపవలెనని సూచించెను. ఇంటనే యుండి జీతమునకు బనిచేయు దాసియు నేటికి నీ పరిధికి వెలుపలనే యున్నది.

చుట్టరికమును గుర్తించుటలో చట్టము మనకంటె ముందు నడచినదని మేము తలచుచున్నాము. వితంతువగు నాడపడుచును "మన యింటి తిండి తినుచున్నది" యని యెత్తిపొడుచు గృహము లింకను గలవు. ఆ తిండి దయ గాదనియు, ఆ కప్పు క్రింద నిర్భయముగా నుండుట ఆమె హక్కనియు చట్టము చెప్పుచున్నది. అంతేకాదు, హింస జరుగుచున్నదని నమ్మకము గలిగిన యెవరైనను రక్షణాధికారికి దెలుపవచ్చుననియు, సద్బుద్ధితో దెలిపినవారికి బాధ్యత యంటదనియు 4వ సెక్షను విధించినది. గోడకు జెవులుండుట యిక దోషము గాదు. ఆ చెవులు విన్నదానిని నోరు చెప్పకుండుటయే దోషము.