పాత బండి కొనేవాడి లెక్క



తెల్లవారకముందే మన సరిహద్దు ఊళ్ళ రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. తడ వైపు నుంచీ, ఊత్తుకోట వైపు నుంచీ మదరాసుకు పాలు, పూలు, ఆకుకూరలు మోసుకుపోయే బండ్లు వరుసగా కనిపిస్తాయి. 1996లో ఆ నగరం పేరు చెన్నై అయింది కానీ, మన పల్లెల్లో పెద్దవాళ్ళకు అది ఇప్పటికీ మదరాసే. ఆ బండ్లలో షోరూము నుంచి నేరుగా వచ్చినవి తక్కువ. ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మారినవే ఎక్కువ. ఆ పాత బండి మీదే ఒక ఇంటి బియ్యం, పిల్లల ఫీజు, తిరునాళ్ళకు కొత్త బట్టలు అన్నీ ఆధారపడి ఉంటాయి.

నా చిన్నతనంలో, 1990ల మొదట్లో, మా మేనమామ కూరల వ్యాపారానికని ఒక పాత మోపెడ్ కొన్నాడు. సగం డబ్బు చేతిలోది, మిగతా సగం వడ్డీకి తెచ్చింది. ఆరు నెలలు తిప్పాడు. ఒకనాడు రెడ్‌హిల్స్ దగ్గర ఇద్దరు మనుషులు ఆపి, మొదటి యజమాని డ్యూ కట్టలేదంటూ బండి తీసుకుపోయారు. అమ్మిన బ్రోకరు మళ్ళీ కంటికి కనపడలేదు. మామ మాత్రం రెండేళ్ళు వడ్డీ కట్టాడు, లేని బండికి. ఆయన తరవాత ఒక మాట అన్నాడు: "లీటరుకు ఎంత ఇస్తుందని పదిమందిని అడిగాను. బండి ఎవరిదని ఒక్కరినీ అడగలేదు."

ఆ మాటే ఈనాటి ప్రసంగానికి మూలం. పని కోసం బండి కొనేవాడు రెండు లెక్కలు చూడాలి. ఒకటి నూనె లెక్క, రెండోది అప్పు లెక్క. చిత్రమేమిటంటే, ఈ రెండు లెక్కలకూ మదరాసు నగరంలో పెద్ద చరిత్రే ఉంది.

ముందుగా నూనె సంగతి చూద్దాం. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పెట్రోలుకు రేషను పెట్టారు. 1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో అక్కడి చమురు కూడా మనకు రాకుండా పోయింది. బస్సులు ఆగిపోయే పరిస్థితి. అప్పుడు దక్షిణాదిన బస్సులు నడిపిన వాళ్ళు బొగ్గును ఆశ్రయించారు. మదురైలో 1911లో మొదలైన టి.వి. సుందరం అయ్యంగార్ సంస్థ, అంటే మనం టి.వి.ఎస్. అనే సంస్థ, బొగ్గు గ్యాసు యంత్రాలు తయారు చేసి బస్సులకు బిగించింది. కట్టెబొగ్గును చాలినంత గాలి అందనీయకుండా మండిస్తే మండే వాయువు పుడుతుంది. దానితో ఇంజను నడుస్తుంది. పొద్దున్నే బొగ్గు రాజేసి, గ్యాసు తయారయ్యేదాకా కాచుకోవాలి. ఎత్తు వస్తే బండి ఆయాసపడేది. అయినా బస్సు కదిలింది, బతుకు నడిచింది. పనికి వాడే బండికి సొగసు కన్నా ఇంధనం ముఖ్యమని దక్షిణాది నేర్చిన తొలి పాఠాల్లో అదొకటి.

స్వాతంత్ర్యం తరవాత డీజిలు కాలం వచ్చింది. 1948లో ఎన్నూరులో మొదలైన అశోక్ మోటార్స్ మొదట ఆస్టిన్ కార్లు బిగించేది. అదే 1955లో అశోక్ లేలాండ్ అయి లారీలకూ బస్సులకూ పేరు తెచ్చుకుంది. 1950లలోనే సెంబియంలోని సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ నమూనా డీజిలు ఇంజన్లు చేయసాగింది. డీజిలు ఇంజను గాలిని బాగా ఎక్కువగా నొక్కి మండిస్తుంది కనుక అదే లీటరుకు ఎక్కువ పని చేస్తుంది. పైగా ప్రభుత్వాలు చాలాకాలం డీజిలు ధరను పెట్రోలు కన్నా బాగా తక్కువగా ఉంచాయి. అందుకే లారీవాళ్ళంతా డీజిలు వైపు తిరిగారు.

అయితే లారీ ధర ఎవరి దగ్గరుంది? ఇక్కడే రెండో లెక్క మొదలవుతుంది. 1954లో మదరాసులో టి.ఎస్. సంతానం సుందరం ఫైనాన్స్ సంస్థను స్థాపించారు. మూలధనం రెండు లక్షల రూపాయలు. లారీ, బస్సు కొనేవారికి వాయిదాల మీద డబ్బు ఇవ్వడం దాని పని. ఆ పద్ధతిని హైర్ పర్చేజ్ అన్నారు. దాని కీలకం ఏమిటంటే, చివరి వాయిదా కట్టేదాకా చట్టం దృష్టిలో బండి అప్పిచ్చినవాడిదే. నడిపేవాడు అద్దెకు తీసుకున్నట్టు లెక్క. దీనికోసం 1972లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కానీ అది ఒక్కరోజు కూడా అమలులోకి రాలేదు. చివరికి 2005లో రద్దయింది. అంటే ఇన్ని దశాబ్దాలు ఈ వ్యాపారమంతా కాగితం మీది ఒప్పందాన్ని నమ్ముకునే నడిచింది. ఆ ఒప్పందాన్ని చదవకుండా సంతకం పెట్టినవాడే నష్టపోయాడు.

1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాక చిన్న రవాణాదారులకూ అప్పు ఇవ్వాలన్న నియమం వచ్చింది. అయినా పాత బండి కొనే డ్రైవరుకు బ్యాంకు గడప ఎత్తుగానే కనిపించింది. హామీ చూపలేడు, ఆదాయానికి రసీదు లేదు, బండి కూడా పాతది. అతనికి మిగిలింది వడ్డీ వ్యాపారి ఒక్కడే.

ఆ ఖాళీని గమనించినవారిలో ఆర్. త్యాగరాజన్ ఒకరు. ఆయన బీమా కంపెనీలో పనిచేసిన వ్యక్తి. 1974లో మిత్రులతో కలిసి మదరాసులో శ్రీరామ్ చిట్స్ ప్రారంభించారు. 1979లో శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ వచ్చింది. లారీల లోకంలో ఒక క్రమం ఉంది. కొత్త లారీని పెద్ద సంస్థ కొని దూరప్రయాణాలకు తిప్పుతుంది. కొన్నేళ్ళకు దాన్ని అమ్మేస్తే, ఏ డ్రైవరో కొని దగ్గరి బాడుగలకు తిప్పుకుంటాడు. నిన్నటి జీతగాడు ఈనాడు యజమాని అవుతాడు. అతనికి అప్పివ్వడం మనం అనుకున్నంత ప్రమాదం కాదని త్యాగరాజన్ వాదన. బండే అతని అన్నం కనుక దాన్ని పోగొట్టుకోడని నమ్మకం. ఆయనకు 2013లో పద్మభూషణ్ వచ్చింది. 2022లో ఆ సంస్థ పేరు శ్రీరామ్ ఫైనాన్స్ అయింది. నేనిక్కడ ఏ సంస్థనూ సిఫారసు చేయడం లేదు. పాత బండికీ అప్పు పుడుతుందన్న మార్పు ఎలా వచ్చిందో చెబుతున్నాను.

ఈ మధ్యలోనే ప్రపంచాన్ని ఒక కుదుపు కుదిపింది. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. పీపా మూడు డాలర్ల దగ్గరున్న చమురు కొన్ని నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా వెళ్ళింది. ఆ తరవాత మన దేశంలో మైలేజీ అన్న మాటకు గౌరవం పెరిగింది. 1980లో మన సరిహద్దు ఊరైన హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 బయటికి వచ్చింది. చిన్న యాభై సి.సి. ఇంజను, ఇద్దరు కూర్చోగల మోపెడ్. పాలవాడికి, పూలమ్మేవాడికి, మా బడి మాస్టర్లకు అది సొంత కాళ్ళు ఇచ్చింది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 నాలుగు స్ట్రోకుల ఇంజనుతో ఇంకొక అడుగు వేసింది. రెండు స్ట్రోకుల ఇంజనులో మండని పెట్రోలు కొంత పొగగొట్టంలోంచే పోతుంది. నాలుగు స్ట్రోకులదానిలో ఆ నష్టం ఉండదు. 2005లో టాటా ఏస్ వచ్చాక మూడు చక్రాల బండివాడు నాలుగు చక్రాల మీదికి ఎక్కాడు. వీటన్నిటికీ రెండో జీవితం, మూడో జీవితం ఉన్నాయి. వాటి విడిభాగాలకు చెన్నైలో పుదుప్పేట ఉండనే ఉంది.

డీజిలు చౌక అన్న పాత నమ్మకాన్ని మాత్రం ఇప్పుడు పక్కన పెట్టాలి. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010లోనూ, డీజిలు మీద 2014లోనూ తొలగింది. రెంటి మధ్య తేడా బాగా తగ్గింది. తాతకాలపు మాట పట్టుకుని ఈనాటి బండి కొనరాదు.

ఇక పలక మీద వేసినట్టు ఒక లెక్క వేద్దాం. లెక్క సులువుగా ఉండడానికి పెట్రోలు లీటరు వంద రూపాయలు అనుకోండి. రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, మొత్తం 1,500 కిలోమీటర్లు. లీటరుకు 40 ఇచ్చే బండికి ముప్పై ఏడున్నర లీటర్లు, 50 ఇచ్చే బండికి 30 లీటర్లు. మిగిలేది ఏడున్నర లీటర్లు, అంటే 750 రూపాయలు. ఎక్కువ మైలేజీ బండి 30 వేలు ఎక్కువ ధర చెప్పారనుకుందాం. ఆ 30 వేలు నూటికి ఏడాదికి 12 రూపాయల ఫ్లాట్ వడ్డీకి రెండేళ్ళకు తెస్తే, వడ్డీ 7,200. నెలకు కట్టవలసింది 1,550 రూపాయలు. మిగిలేది 750, పోయేది 1,550. నూనెలో గెలిచి వడ్డీలో ఓడిపోయాం. అదే రోజుకు 120 కిలోమీటర్లు తిరిగేవాడికి నెలకు 1,500 మిగులుతుంది. వాయిదా దాదాపు దానితోనే గడుస్తుంది. రెండేళ్ళ తరవాత ఆదా అంతా అతనిదే. ఒకే బండి ఒకడికి లాభం, ఇంకొకడికి భారం.

ఇంకొక సంగతి గమనించండి. 40 నుంచి 50కి పెరిగితే మిగిలింది ఏడున్నర లీటర్లు. అదే సామాన్లు మోసే బండి 15 నుంచి 20కి పెరిగితే, అవే 1,500 కిలోమీటర్లకు 100 లీటర్ల బదులు 75 లీటర్లు చాలు. మిగిలేది 25 లీటర్లు. పెరిగింది అయిదే, మిగులు మూడింతలకు పైగా. కనుక బరువు బండి కొనేవాడే మైలేజీ గురించి ఎక్కువ పట్టుబట్టాలి. అదీ ఖాళీ బండితో కాదు, రోజూ మోసే బరువు వేసి నడిపి చూడాలి.

ఫ్లాట్ వడ్డీ అన్న మాటనూ విప్పి చూద్దాం. లక్ష రూపాయలకు 12 శాతం ఫ్లాట్ అంటే రెండేళ్ళకు 24 వేలు. కానీ లక్ష మన చేతిలో రెండేళ్ళూ ఉండదు. నెలనెలా అసలు తగ్గుతూనే ఉంటుంది. తగ్గే అసలు మీద లెక్కిస్తే ఆ 12 నిజానికి 21 శాతం దాటుతుంది. చీటీ పాడి బండి కొనేవారు కూడా తోసివేసిన తగ్గింపునే వడ్డీ అనుకోవాలి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త అప్పులకు, అన్ని ఖర్చులూ కలిపిన సాలుసరి రేటు చూపే ముఖ్య వివరాల పత్రాన్ని, మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకైనా ఫైనాన్సు కంపెనీ అయినా ఆ పత్రం అడగండి. అడగడం తప్పు కాదు, అడగకపోవడమే నష్టం.

చివరిగా మా మామ అడగని ప్రశ్న. ఆర్.సి.లో ఫైనాన్సు వారి పేరు ఉందా? ఉంటే అప్పు తీరిన కాగితంతో పాటు 35వ ఫారం తీసుకుని ఆ పేరు తీయించాలి. పేరు మార్చడానికి 29, 30 ఫారాలు. చెన్నైలో కొని సూళ్ళూరుపేటకో సత్యవేడుకో తెచ్చుకునేవారికి రాష్ట్రం మారుతుంది కనుక 28వ ఫారం మీద నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఇక్కడి పన్ను ఇక్కడ కట్టాలి. ఈ ఖర్చును బండి ధరలో ముందే కలుపుకోవాలి. అమ్మేవారికీ ఒక హెచ్చరిక. పేరు మారకముందు ప్రమాదం జరిగితే, రికార్డులో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో చెప్పింది. బండి అమ్మేశాను, నాకేమిటి అనుకుంటే కుదరదు.

కంతును తమిళంలో తవణై అంటారు. మనం వాయిదా అంటాం. ఉర్దూలో వాదా అంటే ఇచ్చిన మాట. మన వాయిదా అక్కడి నుంచే వచ్చింది. అదే పదం మన నోట, తమిళుల నోట కోర్టు కేసు వెనక్కి జరపడానికీ వాడుకయింది. మాట ఇవ్వడమూ, వెనక్కి జరపడమూ ఒకే పదంలో ఇమిడాయి. మా మామ తరవాత ఇంకొక పాత మోపెడ్ కొన్నాడు. ఈసారి ఆర్.సి. పుస్తకం నా చేత చదివించి, పేరు మారిన తరవాతే మిగతా డబ్బు ఇచ్చాడు. ఆ బండి మీదే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. అది లీటరుకు ఎంత ఇచ్చేదో ఆయన ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. "ఇది నాది" అని మాత్రం చెప్పేవాడు.