ఎండిన చెరువు ఎవరిది? – తిరుపతి పరిసర చెరువుల చారిత్రక పరిశీలన

కరువు వల్ల చెరువు ఎండుతుంది గాని నశించదు. దక్షిణ రాయలసీమ గ్రామవ్యవస్థలో ఎండిన చెరువుకు కూడా ఒక ప్రయోజనం ఉండేది. ఆ ప్రయోజనం మరుగునపడిన తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చిత్తూరు ప్రాంతంలో జీవనదులు లేవు. స్వర్ణముఖి సైతం వానలను బట్టి పారే నదే. అందువల్ల పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా చెరువులు ఏర్పడ్డాయి. వానలు తప్పి నీరు మడుగులకు చేరినప్పుడు ఊరివారు చేపలు పట్టేవారు. గాలి పీల్చగల కొరమీను ఆఖరి బురదలో కూడా దొరికేది. ఆ తరువాత ఎండిన అడుగునుంచి ఒండ్రుమట్టిని బండ్లతో పొలాలకు తోలేవారు. పొలానికి సత్తువ, చెరువుకు పూడికతీత ఒకే పనితో సమకూరేవి. కరువు ఏడే మరమ్మతుకు అదను అన్నమాట! తమిళ శాసనాలలోని 'పాశిపాట్టం' చెరువు చేపలపై వచ్చే ఆదాయానికి సంబంధించినది. చెరువును బాగుచేసేవారికి భూమినో, శిస్తులో భాగాన్నో ఇచ్చే దశబంధం ఇనాములు రాయలసీమలో ప్రసిద్ధం.

విజయనగర కాలపు తిరుమల శాసనాలు మరో విశేషాన్ని తెలుపుతాయి. భక్తులిచ్చిన ధనంతో దేవస్థాన గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంటను నైవేద్యాలకు వినియోగించారు. బర్టన్ స్టెయిన్ 1960లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఏర్పాటును సవివరంగా చర్చించారు.

ఇరవయ్యో శతాబ్ది చివరికి బోరుబావులు విస్తరించి, చెరువు కింద సాగు తగ్గింది. నగరం పక్కనున్న ఎండిన చెరువు ఖాళీ స్థలంగా కనిపించసాగింది. 1991లో పేరూరు చెరువు గర్భంలో సుమారు 150 ఎకరాలను గృహనిర్మాణానికి తిరుమల తిరుపతి దేవస్థానానికి, 1994లో అవిలాల చెరువులో 90 ఎకరాలను నగరాభివృద్ధి, గృహనిర్మాణ సంస్థలకు ప్రభుత్వం బదలాయించింది. ఒకనాడు చెరువులు తవ్వించిన దేవస్థానమే ఇక్కడ చెరువు గర్భాన్ని స్వీకరించడం చరిత్రకారుడు దాటవేయలేని అంశం.

ఇవి వాడుకలో లేని చెరువులన్న వాదన న్యాయస్థానం ముందుకు వచ్చింది. తిరుపతికి చెందిన ఇంటలెక్చువల్స్ ఫోరం దాఖలు చేసిన వ్యాజ్యంలో 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, చెరువులు ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అనీ స్పష్టం చేసింది. కట్టిన ఇళ్లను కూల్చమనలేదు. కొత్త నిర్మాణాలను నిషేధించింది. పేరూరు చెరువుకు నీరు తెచ్చే బోదెద్దుల వంకను బాగుచేయాలనీ, ఇంకుడు చెరువు నిర్మించాలనీ ఆదేశించింది.