బందరు బాటలోని తొలి మజిలీ

సంక్రాంతికి ముందు దినములలో దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ కూడలి వరకు మూటాముల్లెలతో, పిల్లాజెల్లతో బస్సులకై నిలుచుండు జనసందోహమును చూచినవారికి, కోస్తాకు పోవు ఈ మార్గము నిన్నమొన్న ఏర్పడినదిగా తోచవచ్చును. కాని మెట్రో స్తంభములును, పైవంతెనలును లేవకపూర్వము ఎన్నడో, గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారమైన మచిలీపట్నమునకు వర్తకులును, ఫకీరులును, పల్లకీ బోయలును, బరువుటెద్దులును సాగిపోయినది ఈ తూర్పుదిక్కునకే. నేడు పూణేనుండి మచిలీపట్నము చేరు 65వ నంబరు జాతీయ రహదారి ఆ పురాతన ప్రయాణమునకు వారసురాలు. సముద్రతీరమున రెండు దినములు విశ్రమింపగోరి ఎల్.బి.నగర్‌లో బస్సెక్కు కుటుంబములు, తమకు తెలియకయే, మూడు నాలుగు శతాబ్దుల ఆతిథ్య చరిత్రమును దాటిపోవుచున్నవి.

ఆ ప్రయాణమునకు గమ్యమైన బందరు, అనగా మచిలీపట్నము, మొదట బెస్తపల్లె. 1618 నుండి 1622 వరకు అచటి ఆంగ్లేయుల కోఠీలో, అనగా వర్తకశాలలో, ఉద్యోగము చేసిన విలియం మెథ్వోల్డు, ఓడలు నిలుచుటకు అనువైన రేవుండుటచేతనే ఆ పేద జాలరుల ఊరు వర్తకులకు నివాసమైనదని వ్రాసెను. ఊరికి ప్రాకారము లేదు, బావులలో ఉప్పునీరు. అయినను డచ్చివారును, వారి వెనుక 1611లో ఆంగ్లేయులును అచట కోఠీలు నెలకొల్పుకొనిరి. పెగూ, సయాము, సుమత్రా, హొర్ముజు రేవులకును, మక్కా యాత్రకును అక్కడనుండియే ఓడలు బయలుదేరుచుండెను.

ఆ రేవునకు పోవు దారిని సవిస్తరముగా వర్ణించినవాడు ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియరు. గోలకొండనుండి మచిలీపట్నమునకు తిన్నగా పోయిన నూరు క్రోసులనియు, తాను మాత్రము తరచుగా కొల్లూరు వజ్రపు గనుల మీదుగా చుట్టుదారిని పోవుచుంటిననియు 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున అతడు చెప్పెను. గోలకొండకు నాలుగు క్రోసుల దూరమున వచ్చు తొలి మజిలీకి అతడు వ్రాసిన పేరు తెనారా. అచట తోటల నడుమ నాలుగు సుందర భవనములుండెడివి. వానిలో చెక్కిన రాతితో రెండంతస్తులుగా కట్టిన యొకదాని ముందు విశాలమైన చదరపు ముంగిలియు, దానికి మూడు ప్రక్కల గొప్ప ద్వారములును, ఆ ద్వారముల కిరువైపుల నాలుగైదడుగుల ఎత్తున కమానులు గల అరుగులును ఉండెను. సామాన్యులైన బాటసారులకు ఆ అరుగులే పడక; స్త్రీలకు ద్వారములపై గదులు. ప్రతిదినము సాయంకాలమున పేదలకు రొట్టెయో, అన్నమో, వండిన కూరయో పంచిపెట్టుచుండిరి. పరుల చేతివంట ముట్టని హిందువులకు పిండియు, కొంచెము నేయియు ఇచ్చుచుండిరి. వారు తామే రొట్టె కాల్చుకొని, రెండు ప్రక్కల నేయి పూసికొని భుజించెడివారు. అతిథి తన ఆచారమును విడువనక్కరలేకుండ అతని ఆకలి తీర్చిన ఆ యేర్పాటులో, రాజభవనముల శిల్పములో కానరాని ఔన్నత్యమొకటి కలదని నా నమ్మకము.

ఇదే బాటపై ఎల్.బి.నగర్‌కు ఆవల హయాత్‌నగర్ కలదు. హైదరాబాదు నిర్మాతయైన మహమ్మదు కులీ కుతుబ్‌షా కుమార్తెయు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియు నైన హయాత్ బక్షీ బేగము పేర వెలసిన ఊరది. 1626లో బాలుడైన అబ్దుల్లా సింహాసనమెక్కినపుడు రాజ్యభారమునకు అండగా నిలిచినదియు, 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు సంధికై స్వయముగా కదలినదియు ఆమెయే. ఆ ఊరిలో విశాలమైన ఆవరణము నడుమ మసీదును, చుట్టును వరుసగా బాటసారుల గదులును, చేరువనే హాథీబౌలీ అను పెద్ద బావియు నిర్మింపబడినవి. ప్రార్థనయు, పడకయు, మంచినీరును ఒక్కచోట దొరకునట్లు చేసిన ఆ కూర్పు, ప్రయాణపు బడలిక నెఱిగినవారి ఆలోచన.

1687లో గోలకొండ మొగలాయిల వశమైన పిమ్మట బందరు వైభవము సన్నగిల్లెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన లేచి ఇంచుమించు ముప్పదివేల ప్రాణములను బలిగొనెను. నేడు బందరుకోటలో డచ్చివారినాటి శిథిలములు మిగిలినవి. గిలకలదిండిలో జాలరుల పడవలు వేటకు పోయి వచ్చుచునే యున్నవి. కోఠీలు పోయినవి, ఓడలు పోయినవి, వల మిగిలినది. యాత్రికులు ఇప్పుడు మంగినపూడి తీరమున స్నానములాడి, అద్దె గదులలో బసచేయుచున్నారు.

పాతకాలపు ఇంటిలో బసచేయవలెనను కోరిక మన నగరవాసులలో ఇటీవల ప్రబలుచున్నది. అది సంతోషింపదగినదే, ఏలనన మనుషులు మసలు కట్టడమునకే ఆయువు. కాని ఆ పాతదనమును వెదకుటకు సముద్రమువరకు పోనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్దిదూరముననే ఆ ప్రయాణపు పాత మజిలీ యొకటి కలదు. హయాత్‌నగర్ సరాయి గదులను పదిలముగా కాపాడి, బాటసారి ఒక గడియ కూర్చుండి నీరు త్రాగుటకు వీలు కల్పించి, దాని కథను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి నిలిపినచో, బందరు బాట తన చరిత్రను తానే చెప్పుకొనును. డబ్బున్నవానికి గది దొరకుట వ్యాపారము. పేదవానికిని, పరాయివానికిని గౌరవముగా చోటు దొరకుట నాగరికత. ఆ నాగరికత ఈ తూర్పు హైదరాబాదు నేలపై నొకప్పుడు నిత్యవ్యవహారమై యుండెననుట మనము గర్వింపదగినది, అంతకంటె మిన్నగా మరల ఆచరింపదగినది.