మాంటీకార్లో చక్రము

పదునెనిమిదవ శతాబ్ది చివర ప్యారిసు నగరమందలి పాలే రాయల్ ద్యూతగృహములలో తిరిగిన రూలెట్ చక్రమునకు యజమాని పాలు పడు గదులు రెండు, సున్నయు జంటసున్నయు, ఉండెడివి. 1837తో ఫ్రాన్సులోని జూదశాలలు మూతపడగా, ఫ్రాన్స్వా బ్లాంక్ అను వ్యాపారి సోదరునితో జర్మనీ చేరి, 1843లో హోంబుర్గు పట్టణమున జంటసున్నను తొలగించి జూదరుల నాకర్షించెను. 1863లో మాంటీకార్లో శాలను చేపట్టినవాడును ఈతడే.

జంటసున్న లేని ఆ చక్రమున గదులు 37. ఒక్క అంకెపై పణమొడ్డి గెలిచినవానికి 35 రెట్లు, పండ్రెండంకెల గుంపుపై నొడ్డినవానికి రెండు రెట్లు, ఎరుపు నలుపులపైగాని సరి బేసులపైగాని నొడ్డినవానికి ఒడ్డినంతయు లాభముగా ముట్టును. గదులు 36 మాత్రమే యున్నట్లు చెల్లించుచు 37 గదుల చక్రమును త్రిప్పుటలోనే యజమాని చమత్కారమంతయు నున్నది! సున్న పడినచో ఎరుపు నలుపులపై నొడ్డిన పైకము చెరయందుండి, మరుసటి త్రిప్పుతో విడుదలయో హరణమో తేలును.

1913 ఆగస్టు 18న మాంటీకార్లోలో గోళీ వరుసగా 26 మారులు నలుపుననే పడెనని ప్రసిద్ధి. గోళీకి జ్ఞాపకమెక్కడిది? అయినను ఎరుపు వంతు వచ్చి తీరునని పణము పెంచుచు పోయినవారు విశేషధనమును గోల్పోయిరి. అమెరికాలో మాత్రము జంటసున్న నిలిచియే యున్నది. అచట గదులు 38, చెల్లింపు 35 రెట్లే.